దుప్పటి కింద వేపాకు

రిపోర్టు వచ్చింది. కవరు చేతిలోనే ఉంది. దాన్ని తెరవడానికి మాత్రం సంధ్యారాణికి చేతులు రాలేదు.

ఆరు రోజులుగా సూరత్ శివారు డిండోలిలోని ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పెళ్లయిన ఏడేళ్లకు, ఒకసారి మూడో నెలలో పోగొట్టుకున్నాక, మళ్లీ నిలిచిన కడుపు ఇది. ఇప్పుడు నాలుగో నెల. పక్క గదిలో ఉండే తోటికోడలు పద్మారాణి కూతురు వర్షిణికి ఐదేళ్లు. ఆ పిల్లకు ఒళ్లు కాలుతోంది, తల్లికేమో చీరలకు రాళ్లు అతికించే పని నెత్తి మీదుంది. అందుకని సంధ్యారాణే పిల్లను తెచ్చి రెండు రోజులు తన పక్కలో పడుకోబెట్టుకుంది. వీపు మీద పొక్కులు చూసి ఇవేంటని అడిగితే, వేడికి లేచినయ్ అంది పద్మారాణి. మూడో రోజు పద్మారాణి గదిలో పక్క దులపబోతే దుప్పటి కింద నుంచి వేపాకు జలజల రాలింది. అది గుమ్మానికి కట్టాల్సిన వేపాకు. గుమ్మానికి కడితే ఇంటి ఓనరు ఖాళీ చేయమంటాడు. రాళ్ల పని ఇచ్చే సేఠ్ ఆ ఇంటికి చీరలు పంపడు. ఆ భయంతో పిల్లకు ఆటలమ్మ పోసిన సంగతిని పద్మారాణి దుప్పటి కింద దాచింది.

డాక్టరమ్మ ఒక్కటే మాట అడిగింది. ఇది నీకు చిన్నప్పుడు వచ్చిందా? వచ్చి ఉంటే భయం లేదు. రాకపోతే నీ గురించి, కడుపులో బిడ్డ గురించి కూడా ఆలోచించాలి. సంధ్యారాణికి పదేళ్లప్పుడే తల్లి పోయింది. తన వెంట వచ్చిన తండ్రి వైపు చూసింది. అంబదాస్ తడుముకోకుండా, నా బిడ్డకు అమ్మతల్లి పోయలేదు అన్నాడు. డాక్టరమ్మ వెంటనే రక్తం తీయించింది.

ఆ రక్తం చెప్పిన సమాధానమే ఇప్పుడు కవరులో ఉంది.

"ఇటియ్యి," అన్నాడు రవీంద్ర. మగ్గాల షెడ్డులో పగటి షిఫ్టు వదిలేసి వచ్చాడతను. చొక్కా మీద ఇంకా దారపు నూగు ఉంది. కవరు చించి కాగితం తీశాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. అన్నీ అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు.

"ఏముంది?"

"నాకేం సమజైతది? పా, మేడమ్‌కే చూపిద్దాం."

డాక్టరమ్మ కళ్లద్దాలు వెతుక్కుంది. టేబుల్ మీద లేవు. సొరుగులో లేవు. నెత్తి మీద ఉన్నాయని నర్సు చెప్పింది. డాక్టరమ్మ కాగితం చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివి నవ్వింది.

"కుఛ్ నహీ హోగా, బేన్. మీ రక్తంలో దీన్ని ఎదుర్కొనే బలం నిండుగా ఉంది. ఇది ఈ వారంలో వచ్చింది కాదు, పాతది. చిన్నతనంలో మీకు వచ్చి పోయింది. ఆ పాపతో ఎంతసేపున్నా మీకూ బేబీకీ ఏమీ కాదు."

హిందీలో చెప్పిన ఆ మాటలను రవీంద్ర మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. సంధ్యారాణి మాత్రం మొదటిసారికే కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"మేడమ్, మా నాన్న నాకు రాలేదని చెప్పాడు కదా?"

"నాన్నలకేం తెలుస్తుంది? అలాంటివి అమ్మనడగాలి."

"అమ్మ లేదు మేడమ్."

డాక్టరమ్మ కాగితం మడిచి చేతికిచ్చింది. "అయితే ఎవరినీ అడగకు. ఇంటికెళ్లి కడుపునిండా తిను. ఆరు రోజుల్లో ఒకటిన్నర కిలో తగ్గావు."

ఇంటికి వెళ్లేదాకా ఆగలేకపోయింది సంధ్యారాణి. రోడ్డు మలుపులో లోచో బండి దగ్గర నుంచి వేడి ఆవిరి, నూనె వాసన వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. ఉడికిన శనగపిండి ముద్ద మీద కారప్పూసలాంటి సేవ్ చల్లి ఇచ్చిన ప్లేటును నిలబడే తిన్నది. ఇంకో ప్లేటు అడిగింది.

"జర మెల్లగ తిను. బండివాడు నన్ను చూసి, ఇంట్ల తిండి పెట్టడనుకుంటున్నడు."

"అనుకోనీ." నోటి నిండా ఉండగానే నవ్వింది. నవ్వుతుండగానే కళ్లు నిండాయి. రవీంద్ర బండివాడికి వీపు అడ్డం పెట్టి నిలబడి, ఆమె కళ్లు తుడుచుకునేదాకా రోడ్డు మీది బస్సులు చూశాడు.

రెండో ప్లేటు సగంలో ఉండగా సంధ్యారాణి చెంచా ఆపింది.

"బాపు ఎందుకట్ల చెప్పిండంటవ్?"

"మర్చిపోయిండేమో. ముప్పై ఏండ్ల ముచ్చట."

"మర్చిపోయినోడు యాదికి లేదంటడు. లేదు అని అంత గట్టిగ అంటడా?"

మిగిలిన లోచో రవీంద్రే తినేశాడు.

ఇంటి దగ్గర అత్తగారు జమున గుమ్మంలోనే కూర్చుని ఉంది. కొడుకు ముఖం చూడగానే ఆమెకు విషయం తెలిసిపోయింది. లేచి, కోడలి చెంపలు రెండు చేతులతో నిమిరి తన కణతలకు మెటికలు విరుచుకుంది.

"నా తల్లి సల్లగ సూసింది! ఉపాసముండి ఉండి నా పేగులు ఎండినయ్. ఇగ నాకింత బువ్వ పెట్టుండ్రి."

"నిన్ను ఉపాసం ఎవరుండమన్నరు అత్తమ్మా?"

"నువ్వు తినకుంటె నేనెట్ల తింటనే?"

పక్క గది తలుపు ఓరగా తెరిచి ఉంది. పద్మారాణి నీడ అక్కడ కదిలి ఆగిపోయింది. ఆ ఆరు రోజులుగా ఆమె ఈ గుమ్మం తొక్కలేదు. కుళాయి దగ్గరికి కూడా అందరూ వెళ్లిపోయాకే వెళ్తోంది. ఆ రోజు వేపాకు దొరికినప్పుడు సంధ్యారాణి అన్న మాటలు చుట్టుపక్కల నాలుగు గదులకూ వినపడ్డాయి.

సంధ్యారాణి నేరుగా వెళ్లి ఆ తలుపు నెట్టింది.

"చిన్నమ్మా, అందర్ మత్ ఆవ్!" మంచం మీదున్న వర్షిణి గోడకు జరిగిపోయింది. ముఖం మీద పొక్కులు ఎండి పెచ్చులు కట్టాయి. "నిన్ను ముట్టుకుంటే నీ పొట్టల ఉన్న బాబుకు నొప్పి అయితదని మమ్మీ చెప్పింది. దూరం ఉండు!"

"నీ మమ్మీకి తెల్వది. డాక్టర్ ఆంటీ నాకు చెప్పింది. నువ్వు ముట్టుకుంటే బాబుకు ఏం కాదు."

"సచ్చీ?"

"సచ్చీ. రా."

పిల్ల నమ్మలేదు. ముందు ఒక వేలు చాచి చిన్నమ్మ మోచేతిని తాకింది. ఏమీ కాలేదు. ఇంకో వేలు ఆనించింది. తర్వాత ఒక్క ఉరుకున వచ్చి మెడకు చుట్టుకుంది. సంధ్యారాణి నేల మీదే కూర్చుని పిల్లను ఒళ్లోకి లాక్కుంది. జుట్టులో వేపాకు నీళ్ల వాసన ఇంకా పోలేదు.

పద్మారాణి గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె వేళ్ల చివర్లకు జిగురు ఎండి మెరుస్తోంది.

"నన్ను తిట్టు, సంధ్యా. ఆ దినం సగమే తిట్టినవ్."

"తిట్టేది ఉంది అక్కా. అది యాడికీ పోలె. కాని ఇయ్యాల కడుపునిండ తిన్న. తిట్టబుద్ధి అయితలేదు."

పద్మారాణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జమున మాత్రం గుమ్మంలో నుంచి "ఇగ ఇద్దరు చాలిచ్చుండ్రి, పిల్ల ఆకలితో ఉన్నది" అని కసిరింది. ఆమె గొంతులో కసురు తక్కువ, సంతోషం ఎక్కువ.

అంబదాస్ వచ్చింది అప్పుడే.

అరవై రెండేళ్ల మనిషి. మగ్గం మీద దారం చుట్టిన కొత్త బీము ఎక్కించినప్పుడు పాత దారాల కొసలకు కొత్త దారాల కొసలు ముడివేసే పని అతనిది. రోజంతా వేల ముడులు వేసిన వేళ్లు ఇంటికొచ్చాక కూడా ఊరుకోవు, భుజం మీది తువ్వాలు కుచ్చులనే ముడివేస్తుంటాయి. సాయంత్రం పని దిగగానే ఇటు వచ్చి కూతురిని చూసి పోవడం ఈ ఆరు రోజుల అలవాటు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ కూతురి ఒళ్లో వర్షిణిని చూశాడు. రెండో చెప్పు విడవడం మరిచిపోయాడు.

"రిపోర్టు వచ్చింది బాపు," అంది సంధ్యారాణి.

"మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది. నాకు చిన్నప్పుడే వచ్చి పోయిందంట."

అంబదాస్ భుజాలు ఒక్కసారి కిందికి జారాయి. ఎత్తుకున్న మూట దించినట్టు పెద్ద ఊపిరి వదిలాడు. అతనికి ఆశ్చర్యం కలగలేదని ఆ గదిలో అందరికీ అర్థమైంది.

"నీకు ఎరికేనా?" అంది సంధ్యారాణి.

"ఎరికే, బిడ్డా."

రవీంద్ర "మామా!" అన్నాడు.

సంధ్యారాణి గొంతు పెంచలేదు. ఒళ్లో పిల్ల ఉంది. "ఆరు దినాలు, బాపు. ఆరు దినాలు నా కడుపు మీద నేనే చెయ్యి పెట్టుకోనీకె భయపడ్డ. నువ్వు దినాం వచ్చి నా ముంగల కూసుని చాయ్ తాగి పోయినవ్. ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా?"

"సూది ఏస్తరనుకున్న," అన్నాడు అంబదాస్. "రాలేదంటే సూది ఏస్తరు, దాంతోటి ఖతం అయితది, నువ్వు మంచిగుంటవ్ అనుకున్న. రక్తం తీసి ఇన్ని దినాలు కూసోవెడతరని నాకెట్ల తెలుస్తది?"

"సూది సంగతి ఇడిసిపెట్టు. ఎందుకు దాసినవ్?"

అంబదాస్ తువ్వాలు భుజం మీంచి తీసి కుచ్చు పట్టుకున్నాడు. గోడవారగా నేల మీద కూర్చున్నాడు.

"సూరత్‌ల ప్లేగు అన్నరు జూడు, ఆ యేడు. నీకప్పుడు ఏడాదిన్నర."

"నాకెరికే ఆ దినాలు," అంది జమున. "పొయ్యి మీది గిన్నె పొయ్యి మీదనే ఇడిసి ఉరికినం."

"మేం గూడ గట్లనే. మగ్గాలు బందైనయ్, సేఠులు ముందే పోయిన్రు. స్టేషన్‌ల ఇసుకేస్తే రాలకుండ జనం. నీకు అప్పటికే తల్లి పోసి రెండు దినాలు. తల్లి పోసిన పిల్లను ఇల్లు కదపొద్దని నాకెరుకే. కాని ప్లేగు నడుమ ఎట్ల ఉంచుకుందు? ఊరికి పోయే నవజీవన్ బండి ఎక్కినం. ఒక ముసలాయన దగ్గిండని పెట్టెల లొల్లి లొల్లి. జ్వరం ఉన్నోళ్లను దింపుతున్నరని ఎవడో అన్నడు. పొక్కులు కనవడితే అది ఏ రోగమని అడిగేటోడు ఎవడు? బయటికి తోస్తరు. మీ అమ్మ నిన్ను కొంగుల చుట్టేసింది."

అతని వేళ్లు కుచ్చుకు ఒక ముడి వేశాయి.

"ఎన్ని గంటలు నిలవడ్డదో, మీ అమ్మ కండ్లు తిరిగి పడ్డది. కిటికీ కాడ ఒకామె కూసున్నది. కడుపుతోటి ఉన్నది, గందుకనే ఎవరో లేచి జాగ ఇచ్చిన్రు. ఐదో నెలనో ఆరో నెలనో, నాకేం తెలుసు. ఆమె చేతులు చాపింది. పిల్లను ఇటియ్యి అన్నా, నేను పట్టుకుంట అన్నది."

"ఇచ్చినవా?" అంది సంధ్యారాణి.

"ఇచ్చిన. పొద్దంత ఆమె ఒళ్లనే పన్నవ్. ఆమె నీ ఈపు నిమిరింది. పొక్కులు చేతికి తగిలినయ్. ఇవేంది అన్నా అని అడిగింది." అంబదాస్ తల ఎత్తలేదు. "వేడికి లేచినయ్ అన్న."

పద్మారాణి తలుపు రెక్క పట్టుకుంది.

"ఆ దినం నువ్వు పద్మను ఏమన్నవో యాదికున్నదా? కడుపుతో ఉన్నదాని పక్కల అమ్మతల్లి పోసిన పిల్లను పండవెడుతరా, మీరు మనుషులేనా అన్నవ్. నేను ఈ గోడకే కూసున్న. అవుతలి దినం డాక్టరమ్మ కాడ నోరు తెరిస్తే, నీకెప్పుడు పోసింది, ఎక్కడ పోసింది, ఎవలు సాకిన్రు అని నువ్వే అడుగుదువు. నీకు నేను ఏమని చెప్పాలె? లేదు అన్న. ఒక్క మాటతోటి అయిపోతదనుకున్న."

సంధ్యారాణికి తండ్రి మీద కోపం ఉంది. అది ఎక్కడికీ పోలేదు. కానీ దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చి నిలబడింది. పొద్దున్నుంచి తనకు దొరికిన ఊరట ఎవరో ఒకామెకు ఆ రోజు దొరికిందా? ఆమెకు చిన్నప్పుడు పోసి ఉంటుందా, లేదా? ఆమె కవరు ఎవరు తెరిచారు?

"ఆమె ఏమైంది?"

"తెల్వది."

"బిడ్డ?"

"తెల్వది అంటున్న గద."

"పేరన్న తెలుసా?"

అంబదాస్ కుచ్చు వదిలేశాడు. "రాజవ్వ. గంగారాం అని, మన నేతోళ్ల సంఘపాయనే, ఆయన పెండ్లాం. ప్లేగు పోయినంక అందరి తీరుగనే మల్ల వచ్చిన్రు."

"మల్ల వచ్చిన్రా? ఎక్కడికి?"

"నవాగామ్."

రవీంద్ర ఈల వేసినంత పని చేశాడు. డిండోలి నుంచి నవాగామ్ ఎంతని? పిల్లలు సైకిళ్ల మీద పోయి వచ్చేంత దూరం.

"అగ్గో!" అంది జమున. "గందుకా నువ్వు ఒక్కసారన్న మార్కండేయ జయంతికి రావు? సంఘంతోటి లొల్లి పెట్టుకున్నవని మేమనుకుంటిమి గదా అన్నా!"

"ఊరేగింపుల గంగారాం ముంగల నడుస్తడు, చెల్లె. ఒకసారి దూరం నుంచి చూసిన. మల్ల పోలె."

"ముప్పై ఏండ్లల్ల ఒక్కసారన్న అడగలేదా బాపు? ఎవరి తోటన్న అడిగియ్యలేదా?"

"అడిగితే జవాబొస్తది గద బిడ్డా." అంబదాస్ మొదటిసారి కూతురి ముఖంలోకి చూశాడు. "జవాబు రానన్ని దినాలు, మంచిగనే కన్నది కావొచ్చు అనుకుంటుండొచ్చు."

వర్షిణి ఒళ్లో నిద్రపోయింది. సంధ్యారాణి పిల్లను మెల్లగా తల్లి చేతికిచ్చి, గోడ పట్టుకుని లేచింది.

"చెప్పులు ఏస్కో బాపు."

"యాడికి?"

"నవాగామ్."

"ఇయ్యాలనేనా?" అన్నాడు రవీంద్ర. "మంచి వార్త విన్న దినం. ఆడ ఏముంటదో ఏమో. నీకీ టెన్షన్ ఎందుకు?"

"మంచి వార్త విన్న గనుకనే పోతున్న. రేపటికి నాకీ ధైర్యం ఉండది."

జమున అడ్డుచెబుతుందేమో అని అందరూ చూశారు. ఆమె కొడుకునే వెనక్కి లాగింది. "పోనియ్యి రా. చీకటి పడకముందే రావాలె, గంతే."

గుమ్మం దాటుతుంటే పద్మారాణి గొంతు వినిపించింది. ఆరు రోజుల్లో మొదటిసారి ఆమె తలెత్తి మాట్లాడింది.

"అడిగి రా, సంధ్యా. నాకు గూడ తెలవాలె."

తండ్రీకూతుళ్లు ఆటో ఎక్కారు. రైల్వే పట్టాల పక్కనుంచి పోతుంటే ఏదో బండి వెళ్లింది. అంబదాస్ అది పూర్తిగా వెళ్లేదాకా అటే చూశాడు. నవాగామ్‌లో దిగి పాన్ డబ్బా దగ్గర గంగారాం ఇల్లు అడిగారు. రేకుల షెడ్డులోంచి మగ్గాల చప్పుడు నేలను అదరగొడుతున్న సందులో, చివరి ఇల్లు చూపించారు. నీలం రంగు తలుపు. ముందు తులసి కుండీ, ఆరేసిన చీరలు. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు.

తలుపు ముందు నిలబడి అంబదాస్ చెయ్యి ఎత్తాడు. దించాడు.

"బిడ్డా, ఇంకోనాడు..."

సంధ్యారాణి సంచి లోపలికి చెయ్యి పోనిచ్చి రిపోర్టు కాగితాన్ని ఒకసారి తడిమి చూసుకుంది. తన బిడ్డకు ఏమీ కాదని రాసిన కాగితం. దాన్ని సంచిలో పెట్టుకుని ఈ తలుపు కొట్టడం న్యాయమేనా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం దాటకముందే తలుపు కొట్టేసింది.

లోపల టీవీ మోగుతోంది.

"ఎవలూ?" ఆడగొంతు. పెద్ద వయసుదే గానీ గట్టిది.

సంధ్యారాణి తండ్రి వైపు చూసింది. ఆయనే చెప్పాలి. అంబదాస్ గొంతు సవరించుకున్నాడు.

"అంబదాస్‌ను."

టీవీ చప్పుడు ఆగిపోయింది. షెడ్డులో మగ్గాలు మాత్రం ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

"ఏ అంబదాస్? నవజీవన్ బండిల బిడ్డను నా ఒళ్లె పండవెట్టిన అంబదాస్‌వేనా?"

అంబదాస్ తలుపు చట్రం పట్టుకున్నాడు. "నేనే, చెల్లె."

"ఒక్కనివే వచ్చినవా?"

"బిడ్డ గూడ వచ్చింది."

లోపల అడుగుల చప్పుడు దగ్గరైంది. తర్వాత అదే గొంతు, ఈసారి తలుపుకు బాగా దగ్గరగా.

"ఆడనే ఉండు. తలుపు నేను తియ్య. గా దినం నా కడుపుల ఉన్నోడు తీస్తడు."

"ఉన్నడు," అన్నాడు అంబదాస్. కూతురి చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "బిడ్డా, ఉన్నడంట."

గడియ కదిలింది.